పాఠ్యభాగం 14: లిండౌ సమావేశాలు - రసాయనశాస్త్ర సభలో పరిశోధక విద్యార్థికి దొరికిన చోటు

14.0 లక్ష్యాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరువాత మీరు:

• 1860 నుంచి రెండవ ప్రపంచయుద్ధం వరకు రసాయనశాస్త్ర సమావేశాలు ఎవరి కోసం జరిగాయో చెప్పగలుగుతారు.
• 1951లో లిండౌ సమావేశాలు ప్రారంభం కావడానికి గల కారణాలను వివరించగలుగుతారు.
• విద్యార్థుల రాకతో ఈ సమావేశాల స్వరూపం ఎలా మారిందో విశ్లేషించగలుగుతారు.
• 1955 నాటి మైనౌ ప్రకటన నేపథ్యాన్ని, ప్రాముఖ్యాన్ని, పరిమితులను చర్చించగలుగుతారు.

14.1 పరిచయం

శాస్త్ర చరిత్ర అనగానే మనకు ప్రయోగశాలలు, ఆవిష్కరణలు, గొప్ప శాస్త్రవేత్తల పేర్లు గుర్తుకు వస్తాయి. శాస్త్రవేత్తలు ఒకచోట కలిసి మాట్లాడుకున్న సందర్భాలు అంతగా గుర్తుకు రావు. కానీ ప్రయోగశాలలో తేలిన విషయం నలుగురి ముందుకు వచ్చి, ప్రశ్నలకు నిలబడినప్పుడే అది శాస్త్రజ్ఞానంగా స్థిరపడుతుంది. అందువల్ల సమావేశం కూడా శాస్త్ర వ్యవస్థలో ఒక ముఖ్యమైన భాగమే.

సమావేశాల చరిత్రను చదివేటప్పుడు మీరు ఒక ప్రశ్నను మనసులో ఉంచుకోవాలి: ఆ సభలో కూర్చునే అర్హత ఎవరికి ఉంది? రసాయనశాస్త్రంలో ప్రయోగాల పని చాలావరకు డాక్టరేట్ విద్యార్థుల చేతుల మీదుగానే సాగుతుంది. అయినా పెద్దల సభల్లో వారికి చాలాకాలం చోటు లేదు. ఈ పరిస్థితి ఎలా మారిందో తెలుసుకోవడానికి జర్మనీలోని లిండౌ పట్టణంలో జరిగే నోబెల్ గ్రహీతల సమావేశాలు మంచి ఉదాహరణ. ఇవి విద్యార్థుల కోసం మొదలైనవి కావు. యుద్ధంలో పరువు పోగొట్టుకున్న ఒక దేశపు వైద్యులు, శాస్త్రవేత్తలు మళ్ళీ ప్రపంచంతో మాట కలపడానికి చేసిన ప్రయత్నంగా ఇవి మొదలయ్యాయి. రెండు మూడేళ్ళలోనే విద్యార్థులు వచ్చి చేరారు. ఆ చేరికతో సమావేశాల ఉద్దేశమే మారిపోయింది. ఈ మార్పును అర్థం చేసుకోవడమే ఈ పాఠ్యభాగం ప్రధానాంశం.

14.2 పూర్వరంగం: పెద్దల సభలు

14.2.1 గీసెన్ నుంచి కార్ల్స్‌రూహె వరకు

జర్మనీలోని గీసెన్ విశ్వవిద్యాలయంలో యూస్టస్ ఫాన్ లీబిగ్ 1824లో చేరాడు. అప్పటికి అతని వయస్సు 21 సంవత్సరాలు. విద్యార్థులు ప్రయోగశాలలో స్వయంగా పనిచేస్తూ, గురువు పర్యవేక్షణలో ఒక కొత్త సమస్యను పరిష్కరించి పట్టా పొందే పద్ధతి అక్కడ బలపడింది. నేటి రసాయనశాస్త్ర డాక్టరేట్ విద్యకు మూలాలు చాలావరకు ఆ ప్రయోగశాలలోనే ఉన్నాయి.

1860 సెప్టెంబరు 3 నుంచి 5 వరకు కార్ల్స్‌రూహె నగరంలో రసాయనశాస్త్రజ్ఞుల తొలి అంతర్జాతీయ సమావేశం జరిగింది. సుమారు 140 మంది హాజరయ్యారు. పరమాణువు అంటే ఏమిటి, అణువు అంటే ఏమిటి అన్న విషయంలోనే అప్పటికి ఏకాభిప్రాయం లేదు. నీటి అణువులో హైడ్రోజన్ పరమాణువులు ఒకటా, రెండా అన్నది కూడా వివాదమే. కెకులే, వుర్ట్స్, వెల్ట్‌సీన్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు ఈ గందరగోళాన్ని తొలగించాలని సభను పిలిచారు.

మూడు రోజుల చర్చలో తుది నిర్ణయం ఏదీ జరగలేదు. కానీ సభ ముగింపులో ఇటలీ శాస్త్రజ్ఞుడు కన్నిజారో రాసిన ఒక చిన్న పుస్తకాన్ని పంచిపెట్టారు. అవొగాడ్రో సూత్రం ఆధారంగా పరమాణు భారాలను సరిగా నిర్ణయించవచ్చని అందులో ఉంది. దానిని గట్టిగా పట్టించుకున్నవారిలో యువకులు ఉన్నారు. ఒకరు లోథర్ మేయర్. కన్నిజారో వాదన సారాన్ని ఆ సభ నుంచి వెంట తీసుకువెళ్ళిన మరొకరు, అప్పుడు హైడెల్‌బర్గ్‌లో పైచదువుల కోసం ఉంటున్న 26 ఏళ్ళ మెండలీఫ్. ఆవర్తన పట్టికతో ముడిపడిన రెండు ప్రధానమైన పేర్లు ఈ ఇద్దరివే. పెద్దలు తేల్చలేని విషయాన్ని విన్న యువకులు దానిని ముందుకు తీసుకువెళ్ళారు. ఈ అంశాన్ని మీరు గుర్తుంచుకోండి.

14.2.2 వెలి

మొదటి ప్రపంచయుద్ధం రసాయనశాస్త్రజ్ఞుల మధ్య గోడ కట్టింది. 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర్ వద్ద జర్మన్ సైన్యం క్లోరిన్ వాయువును ప్రయోగించింది. ఆ పనికి సారథ్యం వహించినవాడు ఫ్రిట్జ్ హాబర్ అనే ప్రసిద్ధ రసాయనశాస్త్రజ్ఞుడు. యుద్ధం ముగిశాక 1919లో శుద్ధ, అనువర్తిత రసాయనశాస్త్రాల అంతర్జాతీయ సంఘం ఏర్పడినప్పుడు జర్మనీకి అందులో స్థానం ఇవ్వలేదు. బెల్జియం పారిశ్రామికవేత్త ఎర్నెస్ట్ సాల్వే పేరుతో 1922లో బ్రసెల్స్‌లో జరిగిన తొలి రసాయనశాస్త్ర సభకూ జర్మన్లను పిలవలేదు. ఆహ్వానం అందిన కొద్దిమంది ప్రముఖులే పాల్గొనే సభ అది. అంటే ఆ కాలపు సభలకు రెండు హద్దులు ఉన్నాయి. ఒకటి దేశానికి సంబంధించినది, రెండవది హోదాకు సంబంధించినది. లిండౌ మొదట మొదటి హద్దును దాటడానికి ప్రయత్నించింది. రెండవ హద్దు ఆ తరువాత తొలగింది.

మీ ప్రగతిని సరిచూసుకోండి - 1
1. కార్ల్స్‌రూహె సమావేశంలో చర్చించిన ప్రధాన సమస్య ఏమిటి?
2. 1922 నాటి బ్రసెల్స్ సభకు ఉన్న రెండు హద్దులను పేర్కొనండి.

14.3 లిండౌ సమావేశాల ఆవిర్భావం

14.3.1 జర్మన్ శాస్త్రరంగం పరిస్థితి

1933లో నాజీలు అధికారంలోకి వచ్చిన తరువాత యూదు శాస్త్రవేత్తలను విశ్వవిద్యాలయాల నుంచి తొలగించారు. చాలామంది దేశం విడిచి వెళ్ళారు. నాజీ వ్యతిరేకి, పాత్రికేయుడు కార్ల్ ఫాన్ ఒసియెట్స్కీకి నోబెల్ శాంతి బహుమతి ఇవ్వడంతో ఆగ్రహించిన హిట్లర్, జర్మన్లు ఎవరూ నోబెల్ బహుమతి తీసుకోరాదని 1937లో ఆజ్ఞ జారీ చేశాడు. ఫలితంగా రసాయనశాస్త్రంలో 1938 బహుమతి పొందిన రిచర్డ్ కూన్, 1939 బహుమతి పొందిన అడాల్ఫ్ బ్యుటెనాంట్, అదే సంవత్సరం వైద్యశాస్త్రంలో బహుమతి పొందిన గెర్హార్డ్ డొమాక్ వాటిని తిరస్కరించవలసి వచ్చింది. డొమాక్‌ను గెస్టపో పోలీసులు కొన్ని రోజులు నిర్బంధించారు కూడా. యుద్ధం ముగిశాక వీరికి పతకాలు, ప్రశంసాపత్రాలు అందాయి కానీ బహుమతి సొమ్ము అందలేదు.

1945 తరువాత జర్మనీ నాలుగు విజేత దేశాల ఆధీనంలోకి వెళ్ళింది. కాన్‌స్టన్స్ సరస్సులోని చిన్న ద్వీప పట్టణమైన లిండౌ ఫ్రెంచి పాలన కిందికి వచ్చింది. విదేశీ పత్రికలు అందక, విదేశీ సహచరులతో సంబంధాలు లేక జర్మన్ వైద్యులు, శాస్త్రవేత్తలు వెనుకబడిపోయారు.

14.3.2 ఇద్దరు వైద్యులు, ఒక రాజవంశీయుడు

ఈ పరిస్థితిని మార్చాలని ఫ్రాంజ్ కార్ల్ హైన్, గుస్తావ్ పరాడె అనే ఇద్దరు వైద్యులు ఆలోచించారు. నోబెల్ గ్రహీతలను తమ ఊరికే పిలిపించి సభ జరిపితే బాగుంటుందని భావించారు. కానీ ఓడిపోయిన దేశంలోని ఒక చిన్న పట్టణం పిలిస్తే ఎవరు వస్తారు? అందుకే వారు సమీపంలోని మైనౌ ద్వీపంలో నివసిస్తున్న కౌంట్ లెన్నార్ట్ బెర్నడోట్‌ను ఆశ్రయించారు. ఆయన స్వీడన్ రాజు అయిదవ గుస్తావ్ మనుమడు. స్టాక్‌హోంలో నోబెల్ బహుమతులను ప్రదానం చేసేది స్వీడన్ రాజే కాబట్టి ఆ కుటుంబం మాటకు విలువ ఉంది. పైగా స్వీడన్ యుద్ధంలో తటస్థ దేశం.

1951 జూన్‌లో తొలి సమావేశం జరిగింది. ఏడుగురు నోబెల్ గ్రహీతలు, దాదాపు 400 మంది వైద్యులు పాల్గొన్నారు. అది వైద్యశాస్త్ర సమావేశం. 1952లో రసాయనశాస్త్రానికి, 1953లో భౌతికశాస్త్రానికి సమావేశాలు జరిగాయి. అప్పటి నుంచి ఈ మూడు శాస్త్రాలకు వంతులవారీగా సమావేశాలు జరిపే పద్ధతి ఏర్పడింది.

14.4 విద్యార్థుల ప్రవేశం

తొలి సభలో శ్రోతలు వృత్తిలో ఉన్న వైద్యులు. వారు వచ్చింది తమ జ్ఞానాన్ని తాజా చేసుకోవడానికి. 1953 నుంచి విద్యార్థులను, యువ పరిశోధకులను ఆహ్వానించడం మొదలైంది. కౌంట్ బెర్నడోట్ దీనికి ప్రోత్సాహం ఇచ్చాడు. మొదట్లో జర్మనీ నుంచి, ఇరుగుపొరుగు దేశాల నుంచి వచ్చినవారే ఎక్కువ. క్రమంగా విద్యార్థులే ఈ సమావేశాలకు ప్రధాన శ్రోతలయ్యారు.

ఈ మార్పు ఎందుకు ముఖ్యమైనదో ఆలోచించండి. సాధారణ శాస్త్ర సదస్సులో పరిశోధకుడు తన తాజా ఫలితాలను సమర్పిస్తాడు. వినేవారు అదే రంగంలో నిపుణులు. పోటీ ఉంటుంది, ప్రాధాన్యం ఎవరిదన్న తగాదా ఉంటుంది. లిండౌలో అలా కాదు. వక్తకు నిరూపించుకోవలసింది ఏమీ లేదు, అతనికి అప్పటికే బహుమతి వచ్చింది. శ్రోతకు ఇంకా పేరు లేదు. కాబట్టి అక్కడ ఫలితం కంటే ఆ ఫలితానికి చేరిన దారి గురించి మాట్లాడటానికి అవకాశం ఎక్కువ. పొరపాటున తేలిన విషయం, ఏళ్ళ తరబడి ఎవరూ నమ్మని ప్రతిపాదన, డబ్బు లేక ఆగిన ప్రయోగం వంటివి పరిశోధన పత్రాల్లో కనిపించవు. పరిశోధక విద్యార్థికి వాటి అవసరం మాత్రం చాలా ఉంటుంది.

హెర్మన్ స్టాడింగర్ ఉదాహరణ చూడండి. రబ్బరు, సెల్యులోజ్ వంటి పదార్థాలలో వేల పరమాణువులతో కూడిన పొడవైన గొలుసు అణువులు ఉంటాయని ఆయన 1920లో ప్రతిపాదించాడు. సహచరులలో చాలామంది ఒప్పుకోలేదు. చిన్న అణువులే గుంపులుగా చేరి అలా కనిపిస్తున్నాయని వాదించారు. ఆయనకు నోబెల్ బహుమతి 1953లో, 72 ఏళ్ళ వయస్సులో వచ్చింది. ఇప్పుడు మనం ప్లాస్టిక్, నైలాన్ అని పిలిచే పదార్థాల రసాయనశాస్త్రం ఆ వాదన మీదే నిలిచింది. పరిశోధన మధ్యలో నిరాశపడిన విద్యార్థికి ఇలాంటి జీవితం పాఠ్యపుస్తకం కంటే ఎక్కువ చెబుతుంది.

14.5 1955: మైనౌ ప్రకటన

1955 రసాయనశాస్త్రం వంతు. ఆ సంవత్సరం జరిగిన సంఘటన లిండౌ చరిత్రలో ప్రత్యేకమైనది.

1938 డిసెంబరులో బెర్లిన్‌లో ఒట్టో హాన్, ఫ్రిట్జ్ స్ట్రాస్‌మన్ జరిపిన రసాయన ప్రయోగాలలో యురేనియం కేంద్రకం విడిపోతుందని తేలింది. వారితో ఏళ్ళ తరబడి పనిచేసిన లీజె మైట్నర్ యూదు మూలాల కారణంగా ఆ సంవత్సరం జూలైలోనే జర్మనీ విడిచి పారిపోవలసి వచ్చింది. ఆ ఫలితానికి భౌతికశాస్త్ర వివరణ ఇచ్చింది ఆమె, ఆమె మేనల్లుడు ఒట్టో ఫ్రిష్. 1944 సంవత్సరపు రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి మాత్రం ఒక్క హాన్‌కే లభించింది. 1945 ఆగస్టులో హిరోషిమా, నాగసాకి నగరాలపై అణుబాంబులు పడినప్పుడు హాన్ ఇంగ్లండులో నిర్బంధంలో ఉన్నాడు.

1954 మార్చి 1న పసిఫిక్ మహాసముద్రంలోని బికినీ దీవుల వద్ద అమెరికా హైడ్రోజన్ బాంబును పరీక్షించింది. దూరంగా చేపలు పడుతున్న ఒక జపాన్ పడవలోని 23 మందిపై రేడియోధార్మిక ధూళి పడింది. వారిలో ఒకరు కొన్ని నెలల్లో మరణించారు. ఈ సంఘటన ప్రపంచమంతటా భయాన్ని రేపింది.

ఈ నేపథ్యంలో ఒట్టో హాన్, మాక్స్ బార్న్ చొరవతో ఒక ప్రకటన తయారైంది. 1955 జూలై 15న మైనౌ ద్వీపంలో దానిని వెలువరించారు. మొదట 18 మంది నోబెల్ గ్రహీతలు సంతకం చేశారు. హాన్, స్టాడింగర్, బ్యుటెనాంట్, కూన్, కర్ట్ ఆల్డర్, ఐసోటోపుల భావనను ప్రతిపాదించిన ఫ్రెడరిక్ సాడీ వంటి రసాయనశాస్త్రజ్ఞులతోపాటు హైజెన్‌బర్గ్, యుకావా వంటి భౌతికశాస్త్రజ్ఞులు కూడా వారిలో ఉన్నారు. ఏడాదిలో ఆ సంఖ్య 52కు పెరిగింది. మానవుని సుఖానికి దారి అనుకున్న శాస్త్రమే అతని వినాశనానికి సాధనమవుతోందని, యుద్ధంలో ఈ ఆయుధాలను పూర్తిస్థాయిలో వాడితే తటస్థ దేశాలు కూడా మిగలవని, అన్ని దేశాలూ బలప్రయోగాన్ని స్వచ్ఛందంగా విడిచిపెట్టాలని ఆ ప్రకటన సారాంశం. అంతకు ఆరు రోజుల ముందే, జూలై 9న, లండన్‌లో రస్సెల్-ఐన్‌స్టైన్ ప్రకటన వెలువడింది.

చరిత్ర విద్యార్థిగా మీరు ఈ సంతకాల జాబితాను జాగ్రత్తగా చదవాలి. అందులోని రిచర్డ్ కూన్ నాజీ కాలంలో యూదు సహచరులను పట్టి ఇచ్చినవాడు. 1944లో సోమన్ అనే నరాల విషవాయువును కనుగొన్నవాడు కూడా అతడే. ఈ కారణాల వల్ల జర్మన్ రసాయనశాస్త్ర సంఘం 2005లో ఆయన పేరుతో ఉన్న పతకాన్ని ఇవ్వడం మానివేసింది. ప్రకటన అణ్వాయుధాల గురించి మాట్లాడింది కానీ, సంతకం చేసినవారిలో కొందరు నిన్నమొన్నటి వరకు ఏం చేశారన్న ప్రశ్నను తాకలేదు. అంతమాత్రాన ప్రకటన విలువ పోదు. ఒక మంచి పత్రం వెనుక అన్నీ మంచి చరిత్రలే ఉండవని మాత్రం అది మనకు గుర్తుచేస్తుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి - 2
1. కౌంట్ బెర్నడోట్ సహాయం ఎందుకు అవసరమైంది?
2. మైనౌ ప్రకటనకు దారితీసిన 1954 నాటి సంఘటన ఏది?

14.6 సమావేశాల ప్రస్తుత స్వరూపం

తొలి దశాబ్దాలలో జర్మన్ భాషకు ప్రాధాన్యం ఉండేది. తరువాత ఇంగ్లీషు ఆ స్థానాన్ని తీసుకుంది. 2000 సంవత్సరం ప్రాంతంలో సమావేశాలకు ఒక శాశ్వత నిధిసంస్థ ఏర్పడింది. ప్రపంచవ్యాప్తంగా విద్యాసంస్థలు, అకాడమీల ద్వారా విద్యార్థులను ఎంపిక చేసే పద్ధతి విస్తరించింది. సాధారణంగా 35 ఏళ్ళ లోపువారే అర్హులు. డిగ్రీ, పీజీ, డాక్టరేట్ విద్యార్థులు, డాక్టరేట్ పూర్తిచేసి శాశ్వత ఉద్యోగంలో చేరని పరిశోధకులు వీరిలో ఉంటారు. ఒకరు ఒక్కసారే పాల్గొనవచ్చు. కొత్తవారికి చోటు ఉండాలన్నదే ఈ నియమం ఉద్దేశం.

ఉదయం ఉపన్యాసాలు, మధ్యాహ్నం చర్చలు జరుగుతాయి. మధ్యాహ్నపు చర్చలలో కొన్నింటికి యువ పరిశోధకులకు మాత్రమే ప్రవేశం. తమ ప్రొఫెసర్లు, పత్రికల వారు లేనిచోట విద్యార్థి సంకోచం లేకుండా ప్రశ్న అడగగలడు. చివరి రోజు అందరూ ఓడలో మైనౌ ద్వీపానికి వెళతారు. ఇటీవలి కాలంలో 2013, 2017, 2022, 2025 సంవత్సరాలలో రసాయనశాస్త్ర సమావేశాలు జరిగాయి. మధ్యలో అన్ని శాస్త్రాలకూ కలిపి జరిపే సమావేశాలు, కోవిడ్ వల్ల కలిగిన అంతరాయం కారణంగా ఈ వ్యవధి మారుతూ వచ్చింది. రసాయనశాస్త్రంలో డాక్టరేట్ చేసే విద్యార్థికి తన పరిశోధనాకాలంలో ఈ అవకాశం ఒక్కసారి రావడమే ఎక్కువ.

2015లో మైనౌలోనే మరో ప్రకటన వెలువడింది. ఈసారి అంశం వాతావరణ మార్పు. ఆ రోజు 36 మంది నోబెల్ గ్రహీతలు సంతకం చేశారు. 1955 ప్రకటన స్ఫూర్తి అరవై ఏళ్ళ తరువాత కూడా కొనసాగిందని ఇది తెలుపుతుంది.

14.7 భారతీయ విద్యార్థులు

2001 నుంచి భారత ప్రభుత్వ శాస్త్ర సాంకేతిక విభాగం, జర్మన్ పరిశోధనా నిధి సంస్థతో కలిసి భారతీయ యువ పరిశోధకులను ఎంపిక చేసి లిండౌకు పంపుతోంది. ప్రయాణ ఖర్చు భరించలేని విద్యార్థికి ఇది పెద్ద ఆసరా. హైదరాబాదులోగాని, విశాఖపట్నంలోగాని, మరే నగరంలోగాని రసాయనశాస్త్రంలో పరిశోధన చేసే విద్యార్థి తన మార్గదర్శకుని పేరుతోగాక, తన సొంత పనితో ఒక అంతర్జాతీయ సభలో నిలబడే అవకాశం ఇది. 1922లో ఒక దేశం మొత్తాన్ని వెలివేసిన సభలతో పోల్చి చూస్తే మార్పు ఎంతటిదో మీకు అర్థమవుతుంది.

14.8 విమర్శనాత్మక పరిశీలన

లిండౌ సమావేశాలను అంచనా వేసేటప్పుడు మూడు పరిమితులను గమనించాలి.

మొదటిది, బహుమతే కొలమానం కావడం. నోబెల్ బహుమతి ఒక ఏడాదిలో ఒక రంగానికి ముగ్గురికి మించి ఇవ్వరు. ఆధునిక రసాయనశాస్త్రం పెద్ద బృందాల కృషి. లీజె మైట్నర్ వంటివారు జాబితాలోకి రానేలేదు. గ్రహీతల మాటే శాస్త్రం మాట అనుకుంటే ఇలాంటివారు చరిత్ర నుంచి జారిపోతారు.

రెండవది, స్త్రీల స్థానం. రసాయనశాస్త్రంలో 1911లో మేరీ క్యూరీ, 1935లో ఐరీన్ జోలియో-క్యూరీ, 1964లో డోరతీ హాడ్జ్‌కిన్ బహుమతి పొందారు. ఆ తరువాత మరో స్త్రీకి, అడా యోనత్‌కు, 2009లో గాని రాలేదు. అంటే ఎన్నో ఏళ్ళపాటు లిండౌకు వచ్చిన విద్యార్థినులకు తమ శాస్త్రంలో వేదికపై స్త్రీ కనిపించడం అరుదు. శ్రోతల వరుసలు మారినంత త్వరగా వేదిక మారలేదు.

మూడవది, ఆధారాల సమస్య. ఇటువంటి సంస్థల చరిత్ర చాలావరకు ఆ సంస్థలు తమ వార్షికోత్సవాలకు వేసుకున్న ప్రచురణల్లో దొరుకుతుంది. అందులో వేదిక మీది మాటలు ఉంటాయి. వెనుక వరుసలో కూర్చుని విన్న విద్యార్థి ఏమనుకున్నాడో ఉండదు. ఆ లోటును పూరించడానికి ఉత్తరాలు, డైరీలు, జ్ఞాపకాలు కావాలి. మీ ప్రాంతంలోని ఏ సంస్థ చరిత్ర రాసినా ఈ హెచ్చరిక వర్తిస్తుంది.

14.9 సారాంశం

పందొమ్మిదవ శతాబ్దంలో జర్మనీలో డాక్టరేట్ విద్య రూపుదిద్దుకున్నా, రసాయనశాస్త్ర సభలు చాలాకాలం పెద్దల సభలుగానే ఉన్నాయి. మొదటి ప్రపంచయుద్ధం తరువాత దేశాల పేరుతో వెలివేత కూడా తోడైంది. రెండవ ప్రపంచయుద్ధం తరువాత ఒంటరితనం నుంచి బయటపడటానికి 1951లో లిండౌలో ప్రారంభమైన సమావేశాలు, 1953 నుంచి విద్యార్థులకు తలుపు తెరిచాయి. 1955 నాటి మైనౌ ప్రకటన శాస్త్రవేత్తల సామాజిక బాధ్యతను ముందుకు తెచ్చింది. నేడు అవి ప్రధానంగా యువ పరిశోధకుల సమావేశాలు. ఒక సంస్థ ఎందుకు పుట్టిందన్నది ఎంత ముఖ్యమో, తరువాత అందులోకి ఎవరు వచ్చి చేరారన్నది కూడా అంతే ముఖ్యమని ఈ చరిత్ర తెలియజేస్తుంది.

14.10 కీలక పదాలు

వెలివేత: యుద్ధానంతరం ఒక దేశపు శాస్త్రవేత్తలను అంతర్జాతీయ సభలకు, సంఘాలకు దూరంగా ఉంచడం.
కేంద్రక విచ్ఛిత్తి: యురేనియం వంటి బరువైన పరమాణువు కేంద్రకం రెండుగా విడిపోవడం.
తటస్థ దేశం: యుద్ధంలో ఏ పక్షానా చేరని దేశం.

14.11 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు సుమారు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. లిండౌ సమావేశాల ఆవిర్భావానికి దారితీసిన చారిత్రక పరిస్థితులను వివరించండి.
2. విద్యార్థుల ప్రవేశం లిండౌ సమావేశాల స్వరూపాన్ని ఎలా మార్చిందో చర్చించండి.

II. కింది ప్రశ్నలకు సుమారు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. కార్ల్స్‌రూహె సమావేశం యువ శాస్త్రజ్ఞులపై చూపిన ప్రభావం ఏమిటి?
2. 1955 మైనౌ ప్రకటనను విమర్శనాత్మకంగా పరిశీలించండి.